పదిహేను నిమిషాల నీళ్ళు

ఆ ఆసుపత్రి మొదటి అంతస్తులో, డయాలసిస్ విభాగం వెనక, కిటికీ లేని గది ఒకటి ఉంది. అందులో మనిషెత్తు ట్యాంకులు రెండు, పంపులు మూడు, గోడ వెంట తెల్లని గొట్టాలు, ఒక మూల స్టీలు తొట్టి, దానిపైన చిన్న కుళాయిలు రెండు. రోగులెవరూ ఆ గదిని చూడరు. అయినా ఊరి నీటి సరఫరా నుంచి వచ్చే నీళ్ళు ఆ గది దాటి, ముందున్న హాల్లో ఇరవై కుర్చీల్లో కూర్చున్న ఇరవై మంది నెత్తురు పక్కనే, పల్చని పొర ఒక్కటే అడ్డంగా, నాలుగేసి గంటలు పారతాయి. తాగే నీళ్ళలో క్రిములు చావడానికి కలిపే క్లోరిన్ తాగినవాణ్ణి ఏమీ చెయ్యదు. అదే ఆ పొర దాటి నెత్తుట్లో కలిసిందంటే ఎర్రకణాలను చిదిపేస్తుంది. దాన్ని పట్టి ఆపడానికే ఆ రెండు ట్యాంకుల నిండా బొగ్గు పోసి ఉంచుతారు. బొగ్గుకూ ఒక ఆయుష్షుంది. అది తీరిపోయిందని బొగ్గు తనంతట తాను చెప్పదు. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు అడిగి తెలుసుకోవాలి.

ఇరవై ఆరేళ్ళుగా అలా అడుగుతూ వచ్చిన మనిషిని ఆ విభాగంలో అందరూ నీళ్ళత్తయ్య అంటారు. ఐదుంపావుకు వచ్చి పంపులు వేస్తుంది. చేతిగడియారం చూసుకుంటూ పదిహేను నిమిషాలు నిలబడుతుంది. ఆ తర్వాత కుళాయి విప్పి, చిన్న గాజుసీసాలో నీళ్ళు పట్టి, పొడి కలిపి, వెనక తెల్లకాగితం పెట్టి చూస్తుంది. నీళ్ళు నీళ్ళలాగే ఉంటే షీటు మీద సంతకం చేస్తుంది. గులాబిరంగు తిరిగితే ఆ పూట ఎవరి చేతికీ సూది గుచ్చకూడదు. పదిహేను నిమిషాలంటే పదిహేనే. పద్నాలుగున్నరకు కుళాయి మీద చెయ్యి వేసిన కుర్రకారును ఆమె చూసే చూపుకు సీసాల పళ్ళెం కింద పెట్టి పారిపోయినవాళ్ళున్నారు.

విభాగానికి అధిపతి డైరెక్టరు. నలభై ఆరేళ్ళ డాక్టరు. మూడేళ్ళ క్రితం, వరసగా ముప్పై గంటలు పనిచేసి, ఆ ఇరవై కుర్చీల మధ్యనే కుప్పకూలాడు. అందులో అబద్ధమేమీ లేదు. నేల మీదినుంచి ఎత్తినవాళ్ళలో అత్తయ్య కూడా ఉంది. అప్పటి ఆ మనిషిని ఆమె గౌరవించింది. కోలుకున్నాక ఆయన నాయకత్వం నేర్పే శిక్షకుడొకడి దగ్గర చేరాడు. ఆ తర్వాత లేచి తిరుగుతున్న మనిషి వేరు.

"ముందు నన్ను నేను నింపుకుంటేనే కదా మీకు పంచగలిగేది" అనేవాడు. ఆయన నిండటం మూడేళ్ళుగా సాగుతూనే ఉంది. పొంగి ఒక్క చుక్క ఇవతల పడిన దాఖలా లేదు. తొమ్మిదింటిదాకా ఫోను ఎత్తడు; అది ఆయన ఎదిగే సమయం. నడక, చన్నీళ్ళ స్నానం, తన గురించి తాను రాసుకునే పుస్తకం. తొమ్మిది తర్వాత గదిలో తలుపు వేసుకుని, ఆ ఎదుగుదల నిలిచిందో లేదో చూసుకుంటాడు. తనకు ఇష్టంలేని పనిని ఇతరులకు 'అవకాశం' అని పేరుపెట్టి ఇవ్వడం, తన మీద వచ్చిన ఫిర్యాదును 'నీలోని గాయం మాట్లాడుతోంది' అని తిప్పికొట్టడం అలవాటైంది. ఎదుటివాడు నోరు తెరిచేలోపే కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకునే మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో పోట్లాడినవారికే తెలుస్తుంది.

ఒకనాడు ఆయన అత్తయ్యను గదికి పిలిపించాడు.

"అత్తయ్యగారూ, మీరు ఆఖరిసారి సెలవు పెట్టిందెప్పుడు?"

"మా అమ్మ పోయినప్పుడు."

"అది సెలవు కాదండీ."

"నాకూ అలాగే అనిపించింది."

ఆయన దయగా నవ్వాడు. ఆ నవ్వు కూడా నేర్చుకున్నదే. "ఈ విభాగానికి మీరు లేనిదే గడవదనుకుంటున్నారు. అది ప్రేమ కాదు, పట్టు. పట్టు వదలాలి. ఇరవై ఒక్క రోజులు ఇంట్లో ఉండండి. మనిషికి కొత్త అలవాటు పడటానికి సరిగ్గా ఇరవై ఒక్క రోజులు పడుతుందట."

"ఏం అలవాటు?"

"ఏమీ చెయ్యకపోవడం."

"తమకు ఎన్ని రోజుల్లో పట్టుబడింది?"

ఆయన కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. సెలవు కాగితం మీద సంతకం అప్పటికే అయిపోయి ఉంది.

ఆమె పనిని అందరూ పొడుగుపిల్ల అనే టెక్నీషియనుకు అప్పజెప్పారు. పేరుకు తగ్గట్టే గది గుమ్మం దగ్గర తల వంచుకుని వచ్చే మనిషి. చేరి రెండేళ్ళయింది, చెయ్యి శుభ్రం, మాట తక్కువ. అత్తయ్య ఆమెను అరగంట ట్యాంకుల చుట్టూ తిప్పి, ఏ మీట తర్వాత ఏ మీట వెయ్యాలో చూపించి, సంచి భుజాన వేసుకుని ఇంటికి పోయింది.

ఇంట్లో చెల్లెలు ఉంది. భర్త పోయాక అక్క దగ్గరే ఉంటోంది. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. మొదటి మూడు రోజులూ అత్తయ్య నాలుగింటికే లేచి, వంటింట్లో కుళాయి ముందు ఊరకే నిలబడింది. నాలుగోరోజు ఏడింటిదాకా నిద్రపోయింది. వారం తిరిగేసరికి మధ్యాహ్నం కూడా కన్ను మూతపడటం మొదలైంది.

"గురకపెట్టావు తెలుసా?" అంది చెల్లెలు. "పక్కింటావిడ వచ్చి, మీ పంపు ఆపడం మరిచిపోయినట్టున్నారు అని చెప్పి వెళ్ళింది."

"నేను గురకపెట్టను."

"అవునులే, నేనూ ఆవిడకి అదే చెప్పాను. మా అక్క నిద్రే పోదు, గురకెక్కడిది, అని."

మోకాళ్ళ వాపు తీసింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానింది. తనకు విశ్రాంతి అవసరమేనని ఆమెకు తెలిసివచ్చింది. ఆ సంగతి చెప్పినవాడు ఆయన కావడం మాత్రం పంటికింద రాయిలా ఉంది. శరీరానికి సెలవు కావాలని తెలుసుకోవడానికి శిక్షకుడెందుకు, కళ్ళు మూసుకోవడమెందుకు? ఆ ముక్క ఇరవై ఏళ్ళుగా చెల్లెలు అరుస్తూనే ఉంది, పైగా ఏ జీతమూ అడక్కుండా.

పంతొమ్మిదో రోజు పొద్దున ఫోను మోగింది. ఏడో కుర్చీ మాస్టారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, డెబ్భై ఒకటి దాటాయి. తొమ్మిదేళ్ళుగా వారానికి మూడుసార్లు ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు.

"అమ్మాయ్, రిటైరయ్యావా, పోయావా? ఇక్కడ ఎవరూ చెప్పి చావరు."

"విశ్రాంతి తీసుకుంటున్నానండీ."

"మంచిదే. నేనూ అదే చేస్తున్నాను, ఇష్టం లేకుండా. మా మేడ మెట్లు పదకొండు. ఆరో మెట్టు మీద కూర్చోవాల్సి వస్తోంది."

"రక్తం పరీక్ష చేశారా?"

"పోయిన నెల హిమోగ్లోబిన్ పదీ పాయింటు ఎనిమిది. నిన్న ఎనిమిదీ పాయింటు తొమ్మిది. అటు ఆరో కుర్చీనీ ఇటు ఎనిమిదో కుర్చీనీ అడిగాను. వాళ్ళవీ పడ్డాయి. ఒక్కడికి పడితే నా రోగమనుకుంటాను. వరసగా ముగ్గురికి పడితే అది నా రోగం ఎలా అవుతుంది?"

"డైరెక్టరుగారేమన్నారు?"

"మందు పెంచారు. మనసు తేలిగ్గా పెట్టుకోమన్నారు. ఇదిగో, మనసు చాలా తేలిగ్గా ఉంది. కాళ్ళే లేవడం లేదు."

అత్తయ్య ఫోను పెట్టెయ్యలేదు. ఆయన మాట పూర్తికాకముందే పొడుగుపిల్ల నంబరు వెతకడం మొదలుపెట్టింది.

పొడుగుపిల్ల ఫోను ఎత్తగానే, "నీళ్ళ రంగేమైనా తిరిగిందా ఈ మధ్య?" అని అడిగింది.

"లేదండీ, ఒక్కరోజూ లేదు. గాజులా ఉన్నాయి. షీట్లన్నీ ఉన్నాయి, చూపించమంటారా?"

"పంపులు వేసి ఎంతసేపు ఆగుతున్నావు?"

అవతల షీట్లు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"నిన్నే."

"ఆగడం లేదండీ. వెయ్యగానే పడుతున్నాను. ఐదున్నరకు సర్కిల్ ఉంటుంది కదా, దానికి ముందే పరీక్ష ముగించేయాలన్నారు."

"సర్కిలంటే?"

సర్కిలంటే ఏమిటో పొడుగుపిల్ల చెప్పింది. అత్తయ్య వెళ్ళిన మర్నాడు మొదలైంది. ఐదున్నరనుంచి ఆరుదాకా సిబ్బంది అంతా హాల్లో గుండ్రంగా కూర్చోవాలి. ఊపిరి తీసుకోవాలి. ఒక్కొక్కరు తమలో తమకు నచ్చినది ఒకటి చెప్పాలి. డైరెక్టరుగారు ఇంట్లోంచే టీవీలో కనిపించి నడిపిస్తారు. పరీక్ష రెండు నిమిషాల పనే కదా, మధ్యలో ఆ పదిహేను నిమిషాలు ఎందుకు అని ఆయన అడిగారు. ఎవరికీ తెలియలేదు. అది అత్తయ్యగారి ఆందోళన, అది షీటులోకి ఎక్కి కూర్చుంది అని ఆయనే ఆ వరస కొట్టేశారు.

"రాత్రంతా కదలకుండా బొగ్గులో నానిన నీళ్ళు అవి" అంది అత్తయ్య. గొంతు పైకి లేవలేదు. అదే భయంగా ఉంది. "సగం చచ్చిన బొగ్గు కూడా ఒక రాత్రి టైమిస్తే క్లోరిన్ మొత్తం మింగేస్తుంది. స్విచ్ వెయ్యగానే కుళాయిలోకి వచ్చేవి ఆ నీళ్ళే. అవి గాజులానే ఉంటాయి. పదిహేను నిమిషాలు పారాక వచ్చేవి రోగి దగ్గరికి పోయే నీళ్ళు. నువ్వు పరీక్షిస్తున్నది నిన్నటి నీళ్ళని."

పొడుగుపిల్ల ఊపిరి వినిపించింది. ఏ శిక్షకుడూ నేర్పని ఊపిరి.

"నాకెవరు చెప్పారండీ ఇది?" అంది చివరికి. "మీరు ఆగు అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఆయన ఆగొద్దు అన్నారు. ఎందుకో చెప్పారు. ఇద్దరూ పెద్దవాళ్ళే. నేనేం చెయ్యను?"

ఇరవై ఆరేళ్ళలో అత్తయ్య ఎంతమందికి పని నేర్పిందో లెక్కలేదు. వాళ్ళలో ఒక్కరికీ కారణం చెప్పిన గుర్తు లేదు. చెప్పడానికి తీరిక లేదని తనతో తాను అనుకునేది. నిజం అది కాదు. తను చూపు విసరగానే చేతులు వెనక్కి పోవడం ఆమెకు బాగుండేది. ఆ పట్టు ఆమెదే. డైరెక్టరు అన్నాడని అది అబద్ధమైపోదు. ఆయన మీద ఉన్న ఏహ్యంలో ఒక ముక్క విరిచి, ఆ పూట ఆమె తన నోట్లోనే వేసుకుంది. అది మింగుడుపడేది కాదు.

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళేసరికి పంపులు నడుస్తున్నాయి. షీటు మీద సంతకం లేదు. పొడుగుపిల్ల సీసా పట్టుకుని తొట్టి పక్కన నిలబడి ఉంది. అత్తయ్య సంచి కింద పెట్టి గడియారం చూసింది.

హాల్లోంచి డైరెక్టరు గొంతు వినిపిస్తోంది. రోగులు చూసుకోవడానికి గోడకు బిగించిన టీవీలో ఆయన తెల్లచొక్కా తొడుక్కుని, వెనక పూలకుండీతో వెలిగిపోతున్నాడు. కింద ఎనిమిదిమంది నర్సులూ టెక్నీషియన్లూ ప్లాస్టిక్ కుర్చీల్లో గుండ్రంగా కూర్చుని ఉన్నారు.

"గాలి లోపలికి... నేను చాలు అనుకోండి. గాలి బయటికి... నేను చేసింది చాలు అనుకోండి."

పదిహేను నిమిషాలయ్యాయి. పొడుగుపిల్ల మొదటి ట్యాంకు కుళాయి విప్పింది. పొడి కలిపి తెల్లకాగితం ముందు పట్టుకోగానే రంగు తిరిగింది. తేలిక రంగు కాదు, కంటికి కొట్టొచ్చేంత గులాబి. రెండో ట్యాంకు నీళ్ళు కూడా పట్టింది. అదీ తిరిగింది, కాస్త పల్చగా. మొదటిది పోయినా ఆదుకోవాల్సిన ట్యాంకు అది.

అత్తయ్య రెండు సీసాలూ తీసుకుని హాల్లోకి వెళ్ళి వలయం మధ్యలో నిలబడింది. గాజుతలుపు అవతల మొదటి బ్యాచి రోగులు అప్పటికే వచ్చి బెంచీల మీద కూర్చుంటున్నారు. మాస్టారు గోడకు తల ఆనించి ఉన్నాడు.

"అత్తయ్యగారూ!" అన్నాడు టీవీలోని మనిషి కళ్ళు తెరిచి. "మీరు విశ్రాంతిలో ఉండాలి కదా. ఇది హద్దు దాటడం."

"నీళ్ళు రంగు తిరిగాయి. రెండో ట్యాంకు కూడా."

"ముందు ఒకసారి ఊపిరి తీసుకోండి."

"తీసుకునే చెబుతున్నాను. ఇవాళ ఎవరికీ సూది పెట్టడానికి వీల్లేదు."

"చూడండి, భయంలోంచి నిర్ణయాలు తీసుకోకూడదు. తొమ్మిదింటికి నేను వస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా షెడ్యూలు ప్రకారం మామూలుగా..."

"తొమ్మిదింటికల్లా వీళ్ళ నెత్తురు మూడు గంటలు ఈ నీళ్ళ పక్కన తిరిగి ఉంటుంది."

"మీ గొంతులో కోపం నాకు వినిపిస్తోంది."

"సంతోషం. సౌండు బాగానే ఉందన్నమాట."

వలయంలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. డైరెక్టరు ముఖంలో ప్రశాంతత అలాగే ఉంది. దాని అంచులు మాత్రం కాస్త బిగిశాయి.

"అత్తయ్యగారూ, మీరు సెలవులో ఉన్నారు. సెలవులో ఉన్నవారికి విభాగాన్ని ఆపే అధికారం లేదు. ఈ మాట ప్రేమతో చెబుతున్నాను."

అది నిజం. ఆ కాగితం మీద సంతకం ఉన్నంతవరకు ఆమె రోగుల బంధువులతో సమానం. రెండు సీసాలు పట్టుకున్న ముసలమ్మ. అధికారం ఆ పూట డ్యూటీలో ఉన్న టెక్నీషియనుది. ఆ సంగతి గదిలో అందరికీ ఒకేసారి తట్టింది. తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. పొడుగుపిల్ల అక్కడ తల వంచుకుని నిలబడి ఉంది. రెండేళ్ళ ఉద్యోగం, ఇంకా పర్మినెంటు కాలేదు. టీవీలోంచి డైరెక్టరు ఆమె పేరు పెట్టి మెత్తగా పిలిచాడు. "నీ మీద నాకు నమ్మకం ఉందమ్మా. ఇది నువ్వు ఎదిగే క్షణం" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి నీళ్ళగదిలోకి వెళ్ళింది. ఒక పంపు ఆగింది. రెండోది ఆగింది. మూడోది ఆగింది. ఇరవై రోజులుగా ఆ వలయంలో కూర్చుని నిశ్శబ్దం కోసం తంటాలుపడుతున్న ఎనిమిదిమందికీ అప్పుడు దొరికింది అది.

ఆ రోజు పనులు ఆయన లేకుండానే జరిగాయి. ఆగలేని స్థితిలో ఉన్న ఏడుగురిని అంబులెన్సులో ఇంకో ఆసుపత్రికి పంపారు. మిగిలినవాళ్ళను మర్నాటికి రమ్మన్నారు. ఏదో సాంకేతిక కారణమని కౌంటరులో చెప్పించారు. డైరెక్టరు కారు తొమ్మిదికి ఒక్క నిమిషం ముందు వచ్చింది. మధ్యాహ్నం బొగ్గు లారీ వచ్చింది. ట్యాంకుల్లోంచి తీసిన పాత బొగ్గును అత్తయ్య గుప్పిట్లోకి తీసుకుని చూసింది. చూడటానికి దానికీ కొత్తదానికీ తేడా ఏమీ లేదు. రోగుల ఫైళ్ళు అన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటే చూసింది. రెండు బ్యాచిల్లో నలభైమంది. ముప్పై ఒక్కమందికి నెత్తురు పడిపోయి ఉంది. పన్నెండో కుర్చీ దర్జీ ఆవిడ వారం కిందటే కింద వార్డులో చేరి రెండు సీసాల రక్తం ఎక్కించుకుని వెళ్ళింది. ఆమెకు ఎందుకలా అయిందో ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన మనిషి ఆ పొద్దు తన గురించి ఆలోచించుకుంటున్నాడు.

మూడోరోజు డైరెక్టరు సిబ్బంది అందరినీ తన గదిలోకి పిలిచాడు. పొద్దుటి బ్యాచి అప్పటికి కుర్చీల్లో ఉంది. గదికీ హాలుకూ మధ్య చెక్క అడ్డుగోడ ఒక్కటే. ఆయన లేచి నిలబడి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నేను తప్పు చేశాను" అన్నాడు. గదిలో ఒక కదలిక వచ్చింది. అత్తయ్యకు కూడా ఒక్క క్షణం ఏదో ఆశ తగిలింది. "ఆ తప్పుతో రెండు రాత్రులు కూర్చున్నాను. దాన్ని చూశాను. కౌగిలించుకున్నాను. ఇవాళ మీ అందరి ముందూ నన్ను నేను క్షమించుకుంటున్నాను." కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నిజమైన నీళ్ళే. ఇద్దరు నర్సులు కూడా ముక్కు ఎగబీల్చారు. "ఈ అనుభవం నన్ను ఇంకా మంచి నాయకుణ్ణి చేసింది. వచ్చే నెల శిక్షణ శిబిరంలో దీని గురించి మాట్లాడమని కూడా అడిగారు. మాట్లాడతాను. సిగ్గుపడను."

ముప్పై ఒక్కమంది నెత్తురు తాగి ఎదిగిన మనిషిని అత్తయ్య జీవితంలో మొదటిసారి చూస్తోంది. దోమలు కూడా ఎదుగుతాయి గాని, శిబిరానికి పోయి చెప్పుకోవు.

"రోగులకు ఎప్పుడు చెబుతారు?" అంది.

"చెబుతాను, తప్పకుండా. నేను సిద్ధమయ్యాక. ఇంకా నాలో మానాల్సిన గాయాలు చాలా ఉన్నాయి. మానకముందే చెబితే నా బాధ వాళ్ళ మీద పోసినట్టవుతుంది."

"వాళ్ళకు బాధ లేదనుకుంటున్నారా?"

"అత్తయ్యగారూ, రోగులతో మాట్లాడటం నాయకత్వం చేసే పని. దయచేసి ఆ గీత దాటకండి. దాటితే పైవాళ్ళు మిమ్మల్ని ప్రశ్నిస్తారు, నేను కాపాడలేను. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతున్నారు. గౌరవంగా వెళ్ళండి. మీకోసమే చెబుతున్నాను."

"ఇన్నాళ్ళూ మీరు నాకోసం చెప్పినవి చాలు" అని అత్తయ్య బయటికి వచ్చింది.

పొడుగుపిల్ల వెంటే వచ్చింది. వద్దని అత్తయ్య అనలేదు. ఉద్యోగం పోతే ఈ పిల్లదే ముందు పోతుందని ఇద్దరికీ తెలుసు. అడ్డుగోడ వెనకనుంచి ఇంకా ఎక్కిళ్ళు వినిపిస్తున్నాయి.

మొదటి కుర్చీ దగ్గర అత్తయ్య మాట్లాడింది. రెండోదాని దగ్గరా ఆమే మాట్లాడింది. చెప్పిందే చెప్పింది: ఇరవై రోజులు మీకు మంచి నీళ్ళు ఇవ్వలేదు, పరీక్ష తప్పుగా చేశాం, మీ నెత్తురు ఇంత నుంచి ఇంతకు పడింది, బొగ్గు మార్చాం, వారం వారం రక్తం చూస్తాం, ఇదిగో మీ కాగితం. రెండో కుర్చీ మనిషి ఆమెను నానా మాటలూ అన్నాడు. నిలబడి విన్నది. మూడో కుర్చీ దగ్గర పొడుగుపిల్ల ముందుకు వచ్చి, "పరీక్ష చేసింది నేను" అంది. ఆ కుర్చీలోని పళ్ళ వ్యాపారి ఇద్దరినీ కిందనుంచి పైకి చూసి, "మరి మీ పెద్దాయన ఏడీ?" అని అడిగాడు. నాలుగో కుర్చీ ఆవిడ కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. అలా అరగంట పట్టింది ఏడో కుర్చీకి చేరడానికి.

మాస్టారు గోడ వైపు చెవి పెట్టుకుని ఉన్నాడు.

"లోపల ఎవరు, ఏడుస్తున్నది?"

"డైరెక్టరుగారండీ."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. మీ నెత్తురు చెడినందుకు తనను తాను క్షమించుకుంటున్నారు."

మాస్టారు తల ఇటు తిప్పాడు. "నన్నొక మాట అడగాల్సింది" అన్నాడు. "ఖాళీగానే ఉన్నాను."

పొడుగుపిల్ల ఆయనకు అంతా చెప్పింది. స్విచ్ వెయ్యగానే ఎందుకు పరీక్షించకూడదో, రాత్రి నిలిచిన నీళ్ళు ఎందుకు అబద్ధం చెబుతాయో కూడా చెప్పింది. ఆయన మధ్యలో రెండు ప్రశ్నలు వేశాడు. రెండిటికీ జవాబు చెప్పింది.

"ఇంత బాగా తెలిసినదానివి, ఇరవై రోజులు ఎలా తప్పావు?"

ఆమె నోరు విప్పకముందే అత్తయ్య అంది: "అప్పటికి తెలియదండీ. తెలిసినదాన్ని నేను. చెప్పలేదు."

మాస్టారు అత్తయ్య వైపు చూశాడు. బడిలో తప్పు లెక్క చేసిన మంచి పిల్లను చూసే చూపు అయి ఉంటుంది. ఓదార్పేమీ లేదు అందులో. "సున్నా వెయ్యాలి నీకు" అన్నాడు. "వేశాను." తర్వాత చేతిలోని కాగితం మీద ఎనిమిదీ పాయింటు తొమ్మిది కింద తారీఖు రాసుకోవడానికి పెన్ను అడిగాడు.

ఎనిమిదో కుర్చీలో ముప్పై ఏళ్ళ లారీ డ్రైవరు ఉన్నాడు. నోరు తెరిచి, దుప్పటి గడ్డందాకా లాక్కుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. గొట్టాల్లో అతని నెత్తురు నెమ్మదిగా తిరుగుతోంది.

"పాపం, నిద్రపోతున్నాడండీ" అంది పొడుగుపిల్ల గుసగుసగా. "తర్వాత చెబుదామా?"

"లేపు" అంది అత్తయ్య.